రేవు వెనక దారి

కాకినాడ వాళ్లం రేవు గురించి గొప్ప చెప్పుకోవాలంటే హోప్ ఐలాండ్‌తో మొదలుపెడతాం. గోదావరి ఒండ్రు మేటవేసి ఉత్తరంగా సాగిన ఆ ఇసుక దిబ్బ అఖాతానికి అడ్డుగా ఉంది కాబట్టే ఇక్కడ ఓడలు నిబ్బరంగా లంగరు దించుతాయి. మాటలో తప్పులేదు. కాకపోతే అదే ఒండ్రు పక్కనున్న కోరంగి రేవును పూడ్చేసింది. 1839 తుపాను మిగతా పని ముగించింది. సముద్రం ఒకరికి తీసి ఇంకొకరికి పెట్టిందనుకుని ఊరుకుంటే మాత్రం మన ఊరి చరిత్ర సగమే తెలిసినట్టు. సరుకు రేవుదాకా వచ్చే దారి లేకపోతే ఏ ఓడా ఆగదు.

ఆ దారి మనకు కాలవ రూపంలో దొరికింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్‌ను మనం నీళ్లిచ్చిన దొరగానే తలుచుకుంటాం గానీ ఆయన దృష్టిలో కాలవ అంటే పొలానికి తడి ఎంతో, పడవకు బాట అంత. అందుకే లాకులు కట్టించాడు. ధవళేశ్వరం లాకు దాటిన పడవ కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా సామర్లకోట చేరి అక్కణ్ణించి కాకినాడలో తేలేది. మొత్తం యాభై కిలోమీటర్ల దారి. గోదావరి అవతల ఏలూరు కాలవ పట్టుకుంటే బెజవాడ, అక్కణ్ణించి కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు తప్ప సరుకు ఆగేది కాదు. కాకినాడలో మాత్రం ఓడ ఒడ్డుకు రాలేదు, దూరాన లోతులో ఆగేది. ఉప్పుటేట్లోంచి చిన్న పడవలు సరుకు మోసుకెళ్లి ఓడకు అందించేవి.

కాటన్ ఆలోచన ధవళేశ్వరంతో ఆగలేదు. ఈ సంగతి మన ఊళ్లో చాలామందికి తెలియదు. గోదావరిలో ఎగువకు పడవలు నడిపి, మధ్య పరగణాల పత్తిని నీటిమీదే కాకినాడకు దించాలన్నది ఆయన పట్టుదల. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండుకు రావడం తగ్గిపోయేసరికి ఆ మాటకు బలం వచ్చింది. నదిలో మూడు చోట్ల రాళ్లు, సుడులు అడ్డం. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట వేశారు, పడవల కోసం కాలవ తవ్వారు, లాకులు కట్టారు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కి పడమరకు పోయింది. ఖర్చు పెరుగుతున్నా ఫలితం కనబడక 1871లో ఎగువ గోదావరి పనులు వదిలేశారు. రైళ్ల కంటే కాలవలే చౌక అని కాటన్ ఆ తర్వాత కూడా లండన్‌లో వాదిస్తూనే ఉన్నాడు. ఆయన లెక్క పూర్తిగా తప్పని నేననను. కానీ కాలవ వేసవిలో ఎండుతుంది, రైలు ఎండదు. దుమ్ముగూడెం ఆనకట్ట మీద నిలబడి చూసినవాళ్లకు కాకినాడ పోగొట్టుకున్నది ఎంతో అర్థమవుతుంది.

మన దగ్గరికి రైలు వచ్చింది 1890ల్లో. వచ్చినా ఊళ్లోకి రాలేదు. మద్రాసు నుంచి కలకత్తా వైపు వేసిన మెయిన్ లైన్ సామర్లకోట మీదుగా పిఠాపురం వైపు సాగిపోయింది, కాకినాడకు ఒక కొమ్మ మాత్రం విడిచింది. ‘మెయిన్ లైన్’ అన్న మాట ఇప్పటికీ మా ఊళ్లో ఫిర్యాదు లాంటిది. పిఠాపురం నుంచి కాకినాడకు లైను వెయ్యమని అడగని ఎన్నిక లేదు. ప్రయాణికుల ఇబ్బంది నిజమే. నా మటుకు నాకు అంతకంటే పెద్ద దెబ్బ విశాఖపట్నంలో తగిలింది. 1931కల్లా విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను పూర్తయింది, 1933లో విశాఖ హార్బరు తెరిచారు. రేవునూ దాని వెనక దారినీ జంటగా కట్టారు. మధ్య భారతం సరుకు అటు మళ్లింది.

కోటిపల్లి లైను కథ ఇంకో రకం. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాలు పీకి పట్టుకుపోయారు. ఆ లైను తిరిగి రావడానికి అరవై ఏళ్లు దాటింది. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి దానికోసం గట్టిగా పట్టుపట్టారు. 2004లో రైలు నడిచేనాటికి ఆయన లేరు.

ఇప్పటి రేవు సంగతి చెప్పాలంటే బియ్యం గురించే చెప్పాలి. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చి ఓడలు నేరుగా బెర్తుకు చేరుతున్నా, పాత యాంకరేజ్ పోర్టులో పద్ధతి మారలేదు. బస్తాలు బార్జీలెక్కి వెళ్తాయి, ఓడ క్రేన్లు వాటిని పైకి తీస్తాయి. ఆ ఓడలు ఎక్కువగా ఆఫ్రికా వైపు పోయేవే. బియ్యం మన మిల్లులవి మాత్రమే కావు. ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రైళ్లకు రైళ్లు దిగుతాయి. కాటన్ నదిలో దించుదామనుకున్న ఆ లోపలి ప్రాంతాల సరుకు చివరికి గూడ్సు బండెక్కి వస్తోందన్నమాట. వాన చినుకు పడితే ఎగుమతి ఆగుతుంది, తడిసిన బియ్యం ఎవరూ తీసుకోరు. అప్పుడు లారీలు రోడ్ల పక్కన బారులు తీరతాయి. ఏడీబీ రోడ్డు, కెనాల్ రోడ్డు, కత్తిపూడి నుంచి వచ్చే హైవే, అన్నీ కలిసేది ఊరి దగ్గరే. దుమ్ము, హారన్లు భరించేది మా వీధులు.

ఈ బరువులో కొంతైనా కాలవ మోయలేదా అంటే, 2008లోనే కాకినాడ కాలవను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. కానీ పడవలు పోయాక కట్టిన వంతెనలు చాలాచోట్ల మరీ తక్కువ ఎత్తులో ఉన్నాయి. వాటి కింద సరుకు పడవ దూరదు. నీళ్లు సాగుకే సరిపోని చోట రవాణాకు లోతు ఎవరిస్తారన్నది రైతు వేసే ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్నే. అందుకే నేను కాలవ కంటే కోటిపల్లి లైను మీద ఆశ పెట్టుకుంటాను. దాన్ని నర్సాపురం దాకా పొడిగించాలంటే గోదావరి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి. ఆ వంతెనలు పూర్తయితే కోనసీమ కొబ్బరి రైల్లో నేరుగా కాకినాడ చేరుతుంది.