కప్పులేని కారు - కాళ్లక్రింది వేఁడి



మోటారుకారు గుఱ్ఱపుబండికి వారసురాలు. కావుననే తొలినాఁటి కార్లలో ననేకములకు గట్టి కప్పు లేదు. ఎండవానలకు మడిచి విప్పెడి గుడ్డకప్పే యుండెడిది. అమెరికాలో ఫోర్డువారి మోడల్ టి బండి 1908లో నిట్లే వాడుకకు వచ్చెను. 1927 నాఁటికి ఆ పేరి బండ్లు కోటిన్నర తయారైనవి.

కప్పులేని బండిలో గాలికి కొదువలేదు. అయినను అందు కూర్చున్నవారికి తల చల్లగా నుండఁగా పాదములు మాడుచుండెడివి. దీనికి హేతువేమి? ఇంజను ముందున్నది, దానికిని మన కాళ్లకును నడుమ నొక్క అడ్డుగోడ. ఇంజనునుండి బయలుదేరిన పొగగొట్టము మనము కూర్చున్న తావు క్రిందుగా వెనుకకుఁ బోవును. మోడల్ టి బండికి నేల కఱ్ఱపలకలు గనుక వేఁడి మెల్లగా ప్రాఁకెడిది. తరువాతి కాలమున బండ్ల యెత్తు తగ్గినది, నేల ఇనుపరేకైనది, గేరుపెట్టె కూర్చుండువారి నడుమకు వచ్చినది. 1961లో జినీవా ప్రదర్శనమున వెలువడిన ఇంగ్లండు బండి జాగ్వార్ ఇ-టైప్ ఇట్టిదే. 3.8 లీటర్ల ఇంజను, ఇద్దఱి నడుమ గేరుపెట్టె, క్రింద పొగగొట్టములు! వేసవిలో దాని వేఁడి యజమానులలో ప్రసిద్ధము.

శీతలయంత్రము పెట్టరాదా యందురేమో. అమెరికాలో ప్యాకార్డువారు 1939లోనే తమ కార్లకు దానిని అమర్చిరి. కాని కప్పు తీసిన బండిలో ఆ చల్లదనము చెఱువులో పోసిన చెంబెడు పాలవంటిది.

కావున వేఁడి వచ్చు త్రోవలను పట్టవలెను. అవి మూఁడు. కుంపటిలో పెట్టిన గరిటె కాడ కాలుట మొదటిది. వేఁడిగాలి సందులగుండ వచ్చుట రెండవది. ఎదుట కూర్చున్నవానికి నిప్పుసెగ తగులుట మూఁడవది. ఈ మూఁటిని నరికట్టు నేర్పు జేమ్స్ డ్యూయర్ పండితుఁడు 1892లో కల్పించిన కూజాలో కలదు: రెండు గోడల నడుమ శూన్యము, గోడలకు మెఱయు వెండిపూత. పాతకార్లను బాగుచేయువారును ఆ తెరువుననే నడచుచున్నారు. పొగగొట్టమునకు ఎడముగా మెఱయు అల్యూమినియపు రేకును కట్టుదురు. ఎడము లేనిచో ఆ రేకే కాలును. నేలపై దళసరి ఫెల్టు పఱచుదురు. చలికాలమునకై పెట్టిన వేఁడినీటి కొళాయి వేసవిలో పూర్తిగా మూసికొనునో లేదో చూచుదురు. తీగలును మీటలును వచ్చు రంధ్రములను రబ్బరుతో పూడ్తురు.

వీనిలో నేది మొదటిది? రంధ్రములను మూయుటయే. పలువురు తివాచీ పఱచి, కాలు చల్లబడఁగానే తృప్తిపడుదురు. ఇది ప్రమాదము. వేఁడిగాలి వచ్చు సందుననే పొగగొట్టపు విషవాయువును రావచ్చును. దాని పేరు కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు బిగించిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించినవారు మఱల లేవకుండుటకు కారణమదియే. అందుచేత సందులు మూయుటకు ముందే పగిలిన గొట్టమును, అతుకులను సరిచేయవలెను.

మఱియొక హెచ్చరిక. పూర్వము వేఁడిని ఆపుటకు అనేక బండ్లలో ఱాతినార వాడిరి. అది నిప్పునకు చెడదు. కాని దాని ధూళి ఊపిరితిత్తులఁ జేరి, ఎన్నో యేండ్లకు ప్రాణాంతకమగును. ఇంగ్లండు 1999లో దానిని పూర్తిగా నిషేధించినది. పాతబండిలో నట్టి అట్ట కనఁబడినచో చేతితో చింపరాదు, ఊడ్వరాదు, తెలిసినవారిచే తీయింపవలెను.

పాదములకు వేఁడి తగులుట బాధయే; కాని అది దూతవంటిది. ఏ సందు తెఱచియున్నదో చెప్పుచున్నది. దూత నోరు మూయుటకంటె అతఁడు తెచ్చిన వార్త వినుట మేలు.