అంతరిస్తున్న జీవజాతుల వాణిజ్యం – దిగుమతి అనుమతిపత్రం: మోటుపల్లి నుంచి శేషాచలం వరకు

ఉపోద్ఘాతం

కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు శకవర్షం 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఆంధ్రదేశపు సముద్ర వాణిజ్య చరిత్రకు ముఖ్యాధారం. తుపానుకు చెడి ఒడ్డు చేరిన ఓడల సరకును పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ గణపతిదేవుడు పరదేశ వర్తకులకు అభయమిచ్చాడు. శాసనంలో ఏ సరకుకు ఎంత సుంకమో తెలిపే పట్టిక ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు అందులో కనిపిస్తాయి.

ఈ పట్టికలోని సరకుల గురించి రాజ్యం అడిగిన ప్రశ్న ఒక్కటే: దీని విలువ ఎంత? దంతం ఏ అడవిలోని ఏనుగుదో, అటువంటి ఏనుగులు ఇంకెన్ని ఉన్నాయో అడగవలసిన అవసరం ఆనాటికి కలగలేదు. కంపెనీ పాలన నాటి రెవెన్యూ వ్యవహారంలోనూ ఇదే దృష్టి కొనసాగింది. నేడు పెద్ద దారి అనే అర్థంలో వాడుతున్న ‘రహదారి’ అనే పారసీ పదానికి ఆనాడు సరకు దాటించే అనుమతి చీటీ అనీ, దారి సుంకమనీ అర్థాలుండేవి. ఆ చీటీ కాపాడినది ఖజానాను.

ప్రాణి లేదా వృక్షజాతి మనుగడను కాపాడే చీటీ ఇరవయ్యో శతాబ్దంలో పుట్టింది. అందులోనూ కొనే దేశం ఇవ్వవలసిన దిగుమతి అనుమతిపత్రం ఆలస్యంగా వచ్చింది. అది ఎందుకు అవసరమైందో, దాని పరిధి ఎక్కడ ఆగిపోయిందో, ఆ పరిధికి వెలుపల ఉండిపోయిన ఎర్రచందనం విషయంలో ఫలితం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈకల వ్యాపారం: అమ్మే రేవు మూస్తే చాలలేదు

పందొమ్మిదో శతాబ్దం చివర ఐరోపా స్త్రీల టోపీలకు పక్షి ఈకలు అలంకారమయ్యాయి. తెల్లకొంగలకు సంతానోత్పత్తి కాలంలో వచ్చే సన్నని ఈకలకు గిరాకీ ఎక్కువ. గూళ్ల వద్దనే పక్షులను చంపడం వల్ల పిల్లలు కూడా నశించేవి. ఈ వ్యాపారాన్ని వ్యతిరేకించిన స్త్రీలే 1889లో ఇంగ్లండులో పక్షిరక్షణ సంఘాన్ని స్థాపించారు.

భారత ప్రభుత్వం 1902లో సముద్ర కస్టమ్స్ చట్టం కింద అడవి పక్షుల ఈకల, చర్మాల ఎగుమతిని నిషేధించింది. అయినా భారతదేశపు ఈకలు లండన్ వేలంపాటలకు చేరుతూనే వచ్చాయి. వాటిని ఇతర సరకుల పేర్లతో దొంగచాటుగా ఓడలకు ఎక్కించేవారు. లండన్ రేవులో దిగిన తరువాత వాటిని ఎవరూ ప్రశ్నించే వీలు లేదు. భారత చట్టం దృష్టిలో దొంగసొత్తు అయిన సరకు బ్రిటిష్ చట్టం దృష్టిలో మామూలు వర్తకమే. రెండు దేశాలనూ ఏలుతున్నది ఒకే సామ్రాజ్యమైనా పరిస్థితి ఇలా ఉండడం గమనార్హం.

దిగుమతిని నిషేధించే బిల్లు 1908లో ప్రభువుల సభలో నెగ్గినా కామన్స్ సభను దాటలేదు. చివరకు 1921లో ఈకల దిగుమతి నిషేధ చట్టం వచ్చింది. మ్యూజియంలకు, శాస్త్రపరిశోధనకు కావలసిన నమూనాలకు మాత్రం లైసెన్సుపై అనుమతి ఉంది. వాణిజ్యానికి కాక విజ్ఞానానికి మాత్రమే తలుపు తెరిచే ఈ లైసెన్సులో తరువాతి కాలపు దిగుమతి అనుమతిపత్రానికి పూర్వరూపం కనిపిస్తుంది. అమ్మే రేవు మూసినప్పటి నుంచి కొనే రేవు మూసేందుకు 19 ఏళ్లు పట్టింది.

1973 ఒప్పందం: ముందడుగు కొనుగోలుదారుది

1963లో నైరోబీలో జరిగిన అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం సర్వసభ్య సమావేశం వన్యజాతుల వాణిజ్యంపై ఒక ఒప్పందం కావాలని తీర్మానించింది. 1969లో అమెరికా చేసిన చట్టం ప్రపంచమంతటా అంతరించే ప్రమాదమున్న జాతుల దిగుమతిని కట్టడి చేస్తూ, అంతర్జాతీయ సమావేశానికి కూడా పిలుపునిచ్చింది. వాషింగ్టన్‌లో 80 దేశాల ప్రతినిధులు పాల్గొన్న చర్చల అనంతరం 1973 మార్చి 3న ‘సైటిస్’ ఒప్పందం కుదిరింది. అది 1975 జులై 1న అమలులోకి వచ్చింది. భారతదేశం 1976లో చేరింది.

ఒప్పందం జాతులను మూడు అనుబంధాలుగా విభజించింది. అంతరించే ప్రమాదంలో ఉన్న పులి, ఆసియా ఏనుగు వంటివి మొదటి అనుబంధంలో ఉన్నాయి. వాణిజ్యాన్ని అదుపు చేయకపోతే ఆ స్థితికి చేరగలవి రెండవ అనుబంధంలోకి వస్తాయి. ఒక దేశం తన పరిధిలో రక్షించుకుంటూ ఇతర దేశాల సహకారం కోరినవి మూడవ అనుబంధంలో ఉంటాయి. భారతదేశం కోరికపై పునుగుపిల్లి అందులో చేరింది.

మొదటి అనుబంధానికి సంబంధించిన మూడవ అధికరణమే మన చర్చకు కీలకం. ఈ జాతులకు రెండు పత్రాలు కావాలి. దిగుమతి అనుమతిపత్రం ఇచ్చే ముందు కొనే దేశం మూడు విషయాలు నిర్ధారించుకోవాలి. దిగుమతి ప్రయోజనం ఆ జాతి మనుగడకు హాని కలిగించదని ఆ దేశపు శాస్త్రీయ సంస్థ చెప్పాలి. సజీవ ప్రాణి అయితే దానిని ఉంచి పోషించే వసతి గ్రహీతకు ఉండాలి. వినియోగం ప్రధానంగా వాణిజ్యం కోసం కాకూడదు. ఈ పత్రం వచ్చిన తరువాతే అమ్మే దేశం ఎగుమతి అనుమతి ఇవ్వాలి.

ఈ వరుసక్రమంలోనే ఒప్పందపు నవ్యత ఉంది. అంతకుముందు నిరూపణ భారం అడవి ఉన్న దేశానిది. ఆ దేశాలలో అనేకం పేదవి, ఇటీవలే వలసపాలన నుంచి బయటపడినవి. ఇప్పుడు మొదట సమాధానం చెప్పవలసినది కోరిక ఉన్న దేశం. ఈకల విషయంలో 19 ఏళ్లు కొరవడినది ఈ నియమమే.

అయితే రెండవ అనుబంధానికి వర్తించే నాలుగవ అధికరణం దిగుమతి అనుమతిపత్రాన్ని కోరదు. అమ్మే దేశమిచ్చిన ఎగుమతి అనుమతిని గాని, పునరెగుమతి ధ్రువపత్రాన్ని గాని చూపితే చాలు. ఒప్పందం కింద నియంత్రణలో ఉన్న జాతులలో అత్యధిక భాగం ఈ అనుబంధంలోనిదే.

ఎర్రచందనం: రెండవ అనుబంధపు అనుభవం

అమరకోశం రక్తచందనానికి చెప్పిన పర్యాయాలలో ‘కుచందనం’ ఒకటి. శ్రీగంధపు పరిమళం లేనందున తక్కువరకం చందనమని ఈ పేరులోని ధ్వని. ఆ తక్కువరకమే కాలక్రమంలో విదేశీ విపణిలో అమూల్యమైంది. మధ్యయుగ ఐరోపాలో దీనిని వంటకాలకు, వస్త్రాలకు రంగుగా వాడారు. జపానులో మేలురకం షామిసెన్ వాద్యాలకు, చైనాలో సంపన్నుల గృహోపకరణాలకు ఈ కలపను ఎంచుకున్నారు. నీటిలో మునిగేంత సాంద్రత గల చేవ ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ చెట్టు సహజంగా పెరిగే నేల మాత్రం చాలా పరిమితం. శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల పరిసరాలే, అనగా కడప, చిత్తూరు, తిరుపతి, నెల్లూరు ప్రాంతాలూ వాటి సరిహద్దులే దీనికి ప్రధాన స్థానం.

1994లో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో జరిగిన సైటిస్ సమావేశంలో భారతదేశపు ప్రతిపాదనపై ఎర్రచందనం రెండవ అనుబంధంలో చేరింది. 1995 ఫిబ్రవరి నుంచి అది అమలైంది. ఇందులో రెండు పరిమితులున్నాయి. ఒకటి, దిగుమతి అనుమతిపత్రం అవసరం లేకపోవడం. రెండు, ప్రస్తుత వివరణ ప్రకారం నియంత్రణ దుంగలు, చెక్కపేళ్లు, పొడి, సారం అనే వాటికే పరిమితం కావడం. దుంగ వాద్యంగానో కుర్చీగానో మారిన తరువాత సరిహద్దులో దానిని ఈ ఒప్పందం ప్రశ్నించదు.

కొనే దేశాలు కోరుకుంటే తమ చట్టాల ద్వారా ఇంతకన్న కఠినంగా వ్యవహరించవచ్చునని ఒప్పందమే చెబుతున్నది. ఐరోపా సమాఖ్య 1997 నుంచి రెండవ అనుబంధ జాతులకూ దిగుమతి అనుమతి తప్పనిసరి చేసింది. చైనా 2006 నియమావళిలో దిగుమతికి ప్రభుత్వామోదాన్ని నిర్దేశించింది. కనుక పత్రం ఒక్కటే సమస్యను తీర్చదని అంగీకరించాలి. మరో సరకు పేరుతో కంటైనరులో దాగిన దుంగకు ఎగుమతి పత్రమూ ఉండదు, దిగుమతి పత్రమూ ఉండదు. 1902 తరువాతి ఈకల మూటలకు పట్టిన దారే ఇది. కాగా దిగుమతి పత్రం తప్పనిసరి అయినచోట, అది చూపలేని సరకు కొనే దేశంలోనూ నేరపూరితమవుతుంది. కొనుగోలుదారును విచారించే అవకాశం ఏర్పడుతుంది.

అక్రమ రవాణా ఏ మేరకు జరిగిందో 2012లో భారతదేశానికి సంబంధించి నమోదైన ఎగుమతి కోటాయే సూచిస్తుంది. పెంచిన చెట్ల నుంచి వచ్చిన కలపకు కేటాయించినది 310 టన్నులు. స్వాధీనం చేసుకున్న కలపకు ఒక్కసారికి మాత్రమే ఇచ్చిన కోటా 11,806 టన్నులు. మొదటిది వార్షికం, రెండవది అనేక సంవత్సరాల నిల్వ కనుక రెండింటినీ నేరుగా పోల్చరాదు. కాని పట్టుబడినదే ఇంత ఉన్నప్పుడు, పట్టుబడకుండా దాటినది స్వల్పమని భావించలేము.

భారం ఎవరి మీద పడింది

కొనే దేశంలో ప్రశ్న లేనప్పుడు ఘర్షణ అంతా అడవిలోనే జరుగుతుంది. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులు స్మగ్లర్ల దాడిలో మరణించారు. 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో పోలీసు కాల్పులలో తమిళనాడుకు చెందిన 20 మంది మరణించారు. వీరిలో అనేకులు కూలికి వచ్చిన పేదలు. ఆ కాల్పుల న్యాయాన్యాయాల విచారణ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. కాని ఒక విషయం గమనించాలి. అధికారుల పక్షానా, కూలీల పక్షానా ప్రాణాలు పోయినది సరకు బయలుదేరిన చోటనే. వాద్యాన్ని, గృహోపకరణాన్ని కొన్నవారికి ఆ అడవి పేరు కూడా తెలిసి ఉండనక్కరలేదు.

2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం సైటిస్ నియమాలకు దేశంలో ప్రత్యేక అధ్యాయాన్ని ఏర్పరచింది. 2023లో ఎర్రచందనం విషయమై భారతదేశంపై 2004 నుంచి సాగిన వాణిజ్య సమీక్ష ముగిసింది. దీనివల్ల పట్టా భూములలో ఈ చెట్లు పెంచిన రైతులకు ఎగుమతి మార్గం సుగమం కావచ్చు. ఇది స్వాగతించదగినదే. అయితే రైతు నాటిన దుంగకూ అడవిలో నరికిన దుంగకూ తేడాను విదేశీ రేవులో ఎవరు, ఏ ఆధారంతో నిర్ణయిస్తారన్న ప్రశ్న ఇప్పుడు మరింత ముఖ్యమవుతుంది. దొంగ దుంగలు సక్రమ పత్రాల చాటున దాటిపోతే మొదట నష్టపోయేది నిజాయితీగా పెంచిన రైతే.

ముగింపు

మోటుపల్లి శాసనంలో రాజు సముద్రానికి ఆవలి వర్తకునికి అభయమిచ్చాడు. ఏడు శతాబ్దాల తరువాత అభయం కావలసినది సరకుగా మారిన జీవజాతికి. ఈకల చరిత్ర, సైటిస్ మూడవ అధికరణం, ఎర్రచందనపు అనుభవం కలిపి చూస్తే, ఆ అభయం అమ్మే దేశం ఒక్కటే ఇవ్వగలిగినది కాదని తేలుతున్నది. కొనే దేశం ముందుగా సమాధానం చెప్పే పద్ధతిని రెండవ అనుబంధపు వృక్షజాతులకూ విస్తరించాలనే వాదానికి ఈ చరిత్రలో బలమైన ఆధారముంది. తెలుగు పరిశోధకులకు ఇందులో ప్రత్యేకమైన పని ఉంది. రాయలసీమ అటవీ రికార్డులు, రేవు లెక్కలు, చెట్లు పెంచిన రైతుల అనుభవాలు, కూలీల కుటుంబాల కథనాలు ఒకచోట చేరితే, ఎర్రచందనం చరిత్రను దాని విదేశీ ధరతో కాక, అది పెరిగిన నేల నుంచి రాయడం సాధ్యమవుతుంది.