తీగల కృష్ణారెడ్డి

హైదరాబాద్ మాజీ మేయర్, మహేశ్వరం మాజీ శాసనసభ్యుడు. ఒకప్పుడు ఈ నగరానికి ఏడాదికో మేయర్ మారేవారు. కృష్ణారెడ్డి 2002 నుంచి 2007 దాకా అయిదేళ్లూ ఆ పదవిలో ఉన్నారు.

1986 తర్వాత నగరపాలక సంస్థకు మళ్లీ ఎన్నికలు జరిగింది 2002 జనవరిలోనే. మధ్యలో చాలా ఏళ్లు ప్రత్యేకాధికారులే పాలించారు. ఈసారి మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. ఓటరు కార్పొరేటర్‌కు ఒక ఓటు, మేయర్‌కు మరో ఓటు వేశాడు. తెలుగుదేశం అభ్యర్థిగా కృష్ణారెడ్డి గెలిచారు. నగరమంతటి తీర్పుతో పీఠమెక్కడమే ఆయన రాజకీయ జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. 2007 ఏప్రిల్‌లో 12 శివారు పురపాలికలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడింది. 2009 గ్రేటర్ ఎన్నికల నాటికి మేయర్ ఎన్నిక మళ్లీ సభ్యుల చేతికి వెళ్లింది. నగర ఓటరు ఆ హక్కు కోల్పోవడం విచారకరం.

తర్వాత ఆయన పోరు రంగారెడ్డి జిల్లా మహేశ్వరానికి మారింది. 2009లో సబితా ఇంద్రారెడ్డి చేతిలో ఓడారు. 2014లో తెలుగుదేశం తరఫున నెగ్గి, తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరారు. 2018లో ఆ పార్టీ అభ్యర్థిగా మళ్లీ సబిత చేతిలోనే ఓడారు. అప్పుడామె కాంగ్రెస్ అభ్యర్థి. మరుసటి ఏడాదే ఆమె కూడా తెలంగాణ రాష్ట్ర సమితిలోకి వచ్చారు.