మెడలోని మణి, మట్టిలోని చక్రం

పంచారామాల కథ మనలో చాలామంది చిన్ననాడే విని ఉంటారు. తారకాసురుడు మెడలో ధరించిన లింగాన్ని కుమారస్వామి ఛేదించగా, అది అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిందట. అమరావతి తప్ప మిగిలిన నాలుగూ - ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం - గోదావరి సీమలోనివే. ఈ కథలో దైవం మొదట కంఠాభరణంగా, ఒక మణిలా ఉండటం నన్ను ఎంతగానో ఆకర్షిస్తుంది.

బౌద్ధులకూ పూజ్యమైనది రత్నమే. బుద్ధుణ్ణీ, ధర్మాన్నీ, సంఘాన్నీ వారు త్రిరత్నాలన్నారు. కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు రాతిపెట్టెల్లో స్ఫటికపు భరిణె, బంగారు పూలు, పూసలు బయటపడ్డాయి. స్తూపమంటే నడుమ మణిని దాచుకొన్న వలయమన్నమాట.

కోనసీమలోని ఆదుర్రు స్తూపానికి పునాది బండిచక్రం వలె ఉంటుంది. నడిమి నుండి అంచుకు ఆకులవలె ఇటుక గోడలు కట్టి, వాటి మధ్య మన్ను నింపితే ఇటుక ఆదా అవుతుంది, కట్టడమూ నిలుస్తుంది. చూసే భక్తునికి అదే ధర్మచక్రం. పనివాని లెక్క, భక్తుని భావన ఒకే గీతలో కలిశాయి.

కామవరపుకోట దగ్గరి గుంటుపల్లిలో క్రీస్తుపూర్వపు గుండ్రని చైత్యగుహ ఉంది. కప్పులో చెక్కవాసాలను రాతిలోనే మలిచారు. నడుమ రాతిస్తూపం, చుట్టూ ప్రదక్షిణకు దారి. తరువాతి కాలపువారు ఆ స్తూపాన్నే ధర్మలింగేశ్వరుడని కొలిచారు. 892లో గద్దెనెక్కిన చాళుక్య భీముని పేరుతో ముడిపడిన ద్రాక్షారామ, సామర్లకోట ఆలయాల్లోనూ రెండంతస్తుల గర్భాలయం నడుమ నిలువెత్తు లింగం, దాని చుట్టూ నడిచే భక్తులు కనిపిస్తారు.

'ఆరామం' బౌద్ధుల మాట గనుక పంచారామాలన్నీ ఒకనాటి స్తూపాలేనని కొందరంటారు. ఆ ప్రస్తావనే తగదని మరికొందరు. పేరొక్కటే సాక్ష్యం కాజాలదు; అమరావతిలో స్తూపమూ ఆలయమూ వేరువేరుగానే ఉన్నాయి. గుంటుపల్లిలో మాత్రం సాక్ష్యం రాతిలోనే ఉంది. దానిని స్తూపమని మాత్రమే అంటే శతాబ్దాలుగా అక్కడ దీపం పెట్టినవారిని మరచినట్టు. లింగమని మాత్రమే అంటే ఆ రాతిని మలచినవారిని మరచినట్టు. రెండు పేర్లూ చెప్పుకోవడమే చరిత్రకు న్యాయమని నా అభిప్రాయం. త్రిరత్నాలలో రెండవదైన ధర్మం, ధర్మలింగేశ్వరుని పేరులో నాకు నేటికీ వినిపిస్తూనే ఉంది.