కొల్లాజెన్ సూదిమందు (జంతుజన్యం)

పశువుల తోలు నుంచి తీసిన కొల్లాజెన్‌ను శుద్ధిచేసి, చర్మంలోకి సూదితో ఎక్కించేందుకు సిద్ధపరచిన పదార్థం. ముడతలు, మచ్చల గుంటలు పూడ్చడానికీ, మూత్రం ఆపుకోలేని రోగుల్లో మూత్రమార్గపు గోడను ఉబ్బించడానికీ వాడారు. అమెరికాలో 1981లో అనుమతి పొందిన జైడర్మ్, 1985లో గ్లూటరాల్డిహైడ్‌తో గట్టిపరచి తెచ్చిన జైప్లాస్ట్ ప్రసిద్ధమైనవి.

తయారీ: తోలు లోపొరను సన్నగా తరిగి, పలచని ఆమ్లంలో నానబెట్టి, చల్లదనంలోనే పెప్సిన్ పట్టిస్తారు. మూడు పేటలుగా అల్లుకున్న కొల్లాజెన్ అణువు నడిమి భాగం పెప్సిన్‌కు లొంగదు. ఎలర్జీకి ప్రధాన కారణాల్లో ఒకటిగా భావించే రెండు కొసలూ తెగిపోతాయి. తర్వాత ఉప్పుతో విడదీసి, కడిగి, ద్రవంగా ఉన్నప్పుడే సూక్ష్మ వడపోతతో క్రిమిరహితం చేస్తారు. వేడిచేస్తే పేటలు విడిపోయి జెలటిన్ అవుతుంది కనుక ఆ దారి లేదు. ఆమ్లత తగ్గించగానే పోగులు మళ్లీ కడతాయి. జైడర్మ్‌లో మి.లీ.కు 35 మి.గ్రా. కొల్లాజెన్, దానితోపాటు 0.3 శాతం లిడోకైన్ ఉండేవి. నీరు ఇంకిపోతుంది కనుక వైద్యులు గుంటను కావలసినదానికన్నా ఎక్కువగానే నింపేవారు.

నెల్లూరు తీరం: కొల్లాజెన్‌కు ముడిసరుకుగా ఈ తీరపు ప్రధాన సరుకైన రొయ్య పనికిరాదు, దాని డొల్లలు ఇచ్చేది కైటిన్. చేప తోలు పనికొస్తుంది. వెచ్చని నీటి చేపల కొల్లాజెన్, చల్లని సముద్రాల చేపలదానికన్నా వేడికి మెరుగ్గా తట్టుకుంటుంది.

పశువుల సంగతి వేరు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే. అందుకే బ్రెజిల్‌లో ఒంగోలు జాతిని నెలోర్ అంటారు. ఆ జాతి అక్కడికి ఎలా చేరిందంటే, 1868లో ఓ ఓడ సాల్వడార్ రేవులో ఒక జతను దించిందని ఒక కథనం. 1878లో లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ పశుపాలకుడు హాంబర్గ్ జంతుశాల నుంచి కొన్నాడని మరొకటి. కొన్నవారి పేరు దొరుకుతున్న రెండోదే నిలకడగా తోస్తుంది. రెండూ వేర్వేరు దిగుమతులైనా కావచ్చు. నేటి బ్రెజిల్ మాంసపు మందల్లో సుమారు 80 శాతం ఈ రక్తమేనని అంచనా. ఆ తోళ్లు జెలటిన్‌కు, తినే కొల్లాజెన్‌కు పోతాయి. జైడర్మ్‌కు మాత్రం అమెరికాలో బయటి పశువులను కలపకుండా పెంచిన మందల తోలే వాడారు.

పరిశోధన: ముప్పేట నిర్మాణాన్ని 1954–55లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. వారికి నమూనాలు 1948లో నెలకొన్న అక్కడి కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ నుంచే అందాయని అంటారు. తెనాలి ప్రాంతీయుడు యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా ఆ సంస్థకు సంచాలకుడు.

వాడకం: ముందుగా ముంజేతిపై చర్మపరీక్ష చేసి 4 వారాలు ఆగాల్సి వచ్చేది, సుమారు 3 శాతం మందికి పడేది కాదు. హయలురానిక్ ఆమ్లపు మందులు వచ్చాక గిరాకీ పడిపోయి, 2010 ప్రాంతంలో జైడర్మ్, జైప్లాస్ట్‌ల తయారీ ఆగింది.