ఏడు గుర్రాల బండి

సూర్యభగవానుని రథానికి ఏడు గుర్రాలని మన పురాణాలు చెబుతున్నవి. 1922వ సంవత్సరంలో ఇంగ్లండులో ఒక బుల్లి మోటారు కారు వెలువడినది. దాని పేరు ఆస్టిన్ సెవెన్. అనగా దానికి కూడా ఏడు గుర్రాలే. అయితే సూర్యుని గుర్రాలకు పన్ను లేదు, ఈ గుర్రాలకు ఉన్నది. ఆ పన్నుతోనే మన కథ మొదలవుతుంది.

1921 మొదలుకొని బ్రిటిషు ప్రభుత్వం కార్లపై అశ్వశక్తిని బట్టి ఏటేటా పన్ను విధించినది: గుర్రానికి ఒక పౌను. ఆ అశ్వశక్తిని లెక్కించే పద్ధతి విచిత్రమైనది. ఇంజను నిజంగా ఎంత పని చేయగలదో ఎవరూ చూడరు. సిలిండరు వ్యాసాన్ని అంగుళాలలో కొలిచి, దానిని దానితోనే హెచ్చవేసి, సిలిండర్ల సంఖ్యతో మరల హెచ్చవేసి, రెండున్నరతో భాగిస్తే వచ్చినదే అశ్వశక్తి. పిస్టను పైకీ కిందికీ ఎంత దూరం నడుస్తుందన్నది ఈ లెక్కలోకి రాదు. కనుక సిలిండరును సన్నగా చేసి పిస్టను నడకను పొడిగించినవానికి పన్ను తగ్గుతుంది. బ్రిటిషు ఇంజన్లు చాలాకాలం సన్నగా, పొడుగుగా ఉండడానికి ఈ లెక్క ఒక ముఖ్యకారణం.

హెర్బర్టు ఆస్టిన్ 1905లో బర్మింగ్‌హాము దగ్గర లాంగ్‌బ్రిడ్జిలో కార్ల కర్మాగారం స్థాపించినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి సామగ్రి తయారుచేస్తూ ఆ కర్మాగారం ఎంతో విస్తరించినది. యుద్ధం ముగిసిన తర్వాత ఆస్టిన్ 'ట్వెంటీ' అనే పెద్ద కారు ఒక్కదానినే నమ్ముకొన్నాడు. దేశంలో వ్యాపారం మందగించినది; పైగా కొత్త పన్ను ప్రకారం ఆ కారుకు ఏటా ఇరవై పౌన్లకు మించి చెల్లించవలసి వచ్చినది. 1921లో కంపెనీ అప్పులపాలై రిసీవరు అజమాయిషీలోకి పోయినది.

ఆనాటి ఇంగ్లండు వీధులలో మధ్యతరగతి కుటుంబాల వాహనం ప్రక్కతొట్టి తగిలించిన మోటారు సైకిలు. భర్త నడుపుతాడు, భార్య తొట్టిలో కూర్చుంటుంది, బిడ్డ ఆమె ఒడిలో ఉంటుంది. వాన వస్తే ముగ్గురూ తడుస్తారు. ఆ మోటారు సైకిలు నిలిపేంత చోటులో నిలిచి, నలుగురిని మోసి, వారి జేబుకు అందే కారు ఒకటి ఉంటే ఈ కుటుంబాలన్నీ దానిని కొంటాయని ఆస్టిన్ తలంచినాడు. తోటి డైరెక్టర్లు ఒప్పుకొనలేదు. అప్పుడాయన తన సొంత డబ్బు పెట్టి, తన సొంత ఇంటిలోనే ఆ పని ఆరంభించినాడు.

కర్మాగారంలో నమూనాలు గీసే విభాగం నుండి స్టాన్లీ ఎడ్జ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవానిని లికీ గ్రేంజ్ అనే తన భవనానికి పిలిపించుకొన్నాడు. అక్కడి బిలియర్డ్సు గదిలో ఈ కారు నమూనాలు తయారైనవి. రెండు సిలిండర్ల ఇంజను చాలునని యజమాని అభిప్రాయం. నాలుగు చిన్న సిలిండర్లు పెడితే నడక నునుపుగా ఉంటుందనీ, ఖర్చు కూడా పెరగదనీ కుర్రవాడు వాదించి ఒప్పించినాడు. కారులోని కొత్త అంశాలను పేటెంటు చేయించుకొని, అమ్ముడైన ప్రతి కారుకూ కంపెనీ నుండి రెండు గినీల చొప్పున ఆస్టిన్ ప్రతిఫలం పుచ్చుకొన్నాడు. పెట్టుబడి ఆయనది, తెగింపూ ఆయనదే. కాని ఆ ఇంజను రూపకల్పనలో ఎడ్జ్ పేరు మరువరానిది.

తొలి ఇంజను పరిమాణం 696 ఘన సెంటీమీటర్లు. మరుసటి ఏడే దానిని 747కు పెంచినారు. సిలిండరు వ్యాసం 2.2 అంగుళాలు, పిస్టను నడక 3 అంగుళాలు. పై సూత్రం ప్రకారం లెక్కవేసి చూడండి: ఏడుంముక్కాలుకు కొద్దిగా తక్కువ వస్తుంది. దానికి పన్ను ఎనిమిది పౌన్లు. ఇంజను నిజంగా ఇచ్చే శక్తి సుమారు పది గుర్రాలు. పేరులోని ఏడు పన్నులవారి ఏడు మాత్రమే! బండి బరువు 360 కిలోగ్రాముల ప్రాంతం కాబట్టి ఆ పది గుర్రాలే చాలినవి.

ఇంత చౌకగా, ఇంత తేలికగా ఎట్లా సాధ్యమైనది? పెట్టినవాటికంటె మానినవాటిని చూస్తే ఆ రహస్యం తెలుస్తుంది. నీటిని తిప్పడానికి పంపు లేదు. పెట్రోలును తోడడానికి పంపు లేదు. ఇంజను వెనుక ఎత్తుగా అమర్చిన టాంకు నుండి అది తన బరువుతో తానే కార్బురేటరులోకి దిగుతుంది. క్రాంకు షాఫ్టును రెండు కొనలలోనే బేరింగులు మోసేవి, నడుమ ఆధారం లేదు. తొలి బండ్లను చేతితో హాండిలు తిప్పి స్టార్టు చేసేవారు. అయితే తయారుచేసినవాడు మానివేసిన పని మాయమైపోదు. అది కొన్నవాని చేతికి వచ్చి చేరుతుంది. ఈ కారు పొదుపులో సగం కర్మాగారంలో జరిగినది, మిగిలిన సగం యజమాని ఇంటి ముంగిట జరగవలసి ఉండెను.

ముందుగా నీటి సంగతి చూద్దాం. ఎసటిలో నీరు కాగినప్పుడు అడుగునీరు పైకి లేచి, పైనీరు కిందికి దిగడం మన స్త్రీలందరూ చూసినదే. ఈ ఇంజనులో జరిగేదీ అదే. సిలిండర్ల చుట్టూ ఉన్న నీరు వేడెక్కి, తేలికై, పైగొట్టం ద్వారా రేడియేటరు పైభాగానికి పోతుంది. అక్కడ చల్లబడి, బరువెక్కి, దిగువ గొట్టం ద్వారా తిరిగి ఇంజనులోకి వస్తుంది. అరిగే భాగం ఒక్కటీ లేదు. కాని నియమం ఒకటున్నది. నీటిమట్టం పైగొట్టపు మూతి కంటె కిందికి దిగితే ఈ ప్రవాహం తెగిపోతుంది. రేడియేటరులో నీరు సగం ఉన్నా ఇంజను కాగిపోతుంది. బయలుదేరే ముందు మూత తీసి మట్టం చూడడం అందుకే మానరాని పని.

రెండవది నూనె. ఇందులో ఒక చిన్న పంపు ఉన్నది గాని, ఆ నూనె కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు నేరుగా పోదు. రెండు సన్నని జెట్టుల గుండా ధారగా చిమ్మి, గిరగిర తిరిగే క్రాంకు షాఫ్టు మీద పడుతుంది. ఆ వేగానికి నూనె వెలుపలికి విసరబడి, దానికై తొలిచిన రంధ్రాల వెంట బేరింగులను చేరుతుంది. ఉపాయం తెలివైనదే, కాని ఎంత నాజూకైనదో చూడండి. నలుసంత మురికి జెట్టుకు అడ్డుపడితే బేరింగుకు నూనె అందదు. అందులోని మెత్తని తెల్లలోహం కరుగుతుంది. ఇంజను దడదడ కొట్టుకొంటుంది. అందుచేత నూనెను గడువు ప్రకారం మార్చవలెను, జాలీని శుభ్రపరచవలెను, బయటి మరలు విప్పి సన్నని తీగతో జెట్టులను పొడిచి చూడవలెను. ఒక సీసా నూనె దగ్గర వెనుకాడినవాడు బేరింగుల ఖరీదు చెల్లించుకొన్నాడు.

మూడవది మసి. ఆనాటి పెట్రోలు, ఆనాటి నూనె నేటివంత శుద్ధమైనవి కావు. అవి మండగా మిగిలిన మసి పిస్టన్ల నెత్తిన, సిలిండరు హెడ్డు లోపల, వాల్వుల చుట్టూ గట్టి పెచ్చుగా పేరుకొనేది. అప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను టకటకమనేది, బలం తగ్గేది, పెట్రోలు ఖర్చు పెరిగేది. కొన్ని వేల మైళ్లకొకసారి హెడ్డు విప్పి మసి గోకడం అందరికీ తప్పని పని. హెడ్డు విడదీయడానికి వీలుగా ఉండడమూ, వాల్వులు సిలిండర్ల ప్రక్కనే ఉండడమూ ఇక్కడ మేలు చేసినవి.

ఆ పని ఇట్లా సాగేది. నీరంతా వదిలివేసి, మరలు విప్పి, హెడ్డును ఎత్తి ప్రక్కన పెట్టాలి. నాలుగు సిలిండర్లలో మొదటి, నాలుగవ పిస్టన్లు జంటగా పైకి వస్తాయి. రెండవది, మూడవది మరొక జంట. పైకి వచ్చిన జంటను గోకేటప్పుడు తక్కిన రెండు సిలిండర్లలో గుడ్డలు కుక్కాలి, పొడి లోపల పడకూడదు. పిస్టను అంచు చుట్టూ సన్నని మసివలయం ఒకటి ఉండనివ్వమని అనుభవజ్ఞులు చెప్పేవారు. అది నూనెను పైకి రానీయక ఆపుతుంది. తర్వాత వాల్వులు తీసి, రాపిడి ముద్ద పూసి, అటు ఇటు తిప్పుతూ వాటి పీఠాల మీద నూరాలి. చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు వలయం కనిపించినప్పుడు పని పూర్తి అయినట్లు. ముద్ద కొంచెం కూడా లోపల మిగలకుండా తుడిచి, మరలను నడుమనుండి అంచులకు కొద్దికొద్దిగా సమంగా బిగించాలి. ఒక ప్రక్క ముందుగా బిగిస్తే హెడ్డు వంగి గాస్కెట్టు పాడవుతుంది.

ఈ శ్రమ అంతా లోపమా, లాభమా? శ్రమపడలేనివారికి అది లోపమే. నడుమ ఆధారం లేని క్రాంకు షాఫ్టును శక్తికి మించి పరుగెత్తిస్తే విరిగేది కూడా. 1936లో మూడవ బేరింగును చేర్చి ఆ లోటును తగ్గించినారు. కాని ఈ ఇంజనును విప్పి బిగించిన యువకులలో కొందరు లోకానికి కొత్త కార్లనిచ్చినారు. కోలిన్ చాప్‌మన్ 1948లో తన తొలి లోటస్ కారును పాత ఆస్టిన్ సెవెన్ మీదనే కట్టినాడు. న్యూజిలాండులో బ్రూస్ మెక్లారెన్ బాల్యంలో తన తండ్రితో కలిసి బాగుచేసుకొన్న పందెపు కారు ఇదే. ఆస్టిన్ సెవెన్‌లతో పందాలాడిన అలెక్ ఇసిగోనిస్ 1959లో మినీ కారును సృష్టించినాడు. చదువుకొనడానికి వీలైన యంత్రం అది. అందులో ప్రతి భాగం తన పనిని కంటికి చూపించేది.

జర్మనీలో ఐసెనాకు పట్టణపు డిక్సీ సంస్థ 1927లో ఈ కారును తయారుచేసే హక్కు పొందినది. మరుసటి ఏడు బి.ఎం.డబ్ల్యు. ఆ సంస్థను కొన్నది. నేడు విలాసానికి మారుపేరైన ఆ కంపెనీ కార్ల వ్యాపారంలోకి అడుగుపెట్టినది ఈ పేదవాని బండితోనే! ఫ్రాన్సులోను, అమెరికాలోను కూడా ఇది తయారైనది. 1939లో ఇంగ్లండులో నిర్మాణం ఆగేనాటికి సుమారు 2,90,000 బండ్లు వెలువడినవి. అప్పుల కంపెనీ నిలబడినది.

అరువది ఏళ్ల తర్వాత మన దేశంలో ఇటువంటి పనినే మరొక చిన్న ఇంజను చేసినది. 1983 డిసెంబరులో వెలువడి, 2014 వరకు తయారైన మారుతి 800 ఎన్నో తెలుగు కుటుంబాలకు తొలి కారు. దాని ఇంజను 796 ఘన సెంటీమీటర్లు. పరిమాణంలో ఆస్టినుకు దగ్గర చుట్టమే. కాని శక్తి మూడింతలకు పైగా. నీటికి పంపు, బేరింగులకు ఒత్తిడితో అందే నూనె, అన్నీ అందులో ఉన్నవి. మెరుగైన నూనె, పెట్రోలు వచ్చి మసి గోకే అవసరం తగ్గినది. ఒకనాడు యజమానికి వదిలిన పనులను కర్మాగారం తిరిగి తీసుకొన్నది.

అయినా అన్నింటినీ తీసుకొనలేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట నిలిపి నూనెమట్టం చూడడం, రేడియేటరు నీటిని గమనించడం, గాలి వడపోతను దులపడం, గడువుకు నూనె మార్చడం ఇప్పటికీ మన వంతే. కాగిన ఇంజను మీద రేడియేటరు మూత తీయరాదన్న హెచ్చరికా ఇప్పటికీ మారలేదు. చౌకగా కొన్న వస్తువు చౌకగా నిలవాలంటే, రోజుకు ఐదు నిమిషాలు దాని ప్రక్కన నిలువవలెను. సూర్యుని ఏడు గుర్రాలకు అనూరుడు ఎప్పుడూ తోడున్నాడు. ఇంటి ముందున్న బండికి ఆ తోడు మనమే.