రొయ్య పేగు చెప్పే ముప్పై ఏళ్ళ చరిత్ర



మన సిరోంచ దగ్గర ప్రాణహితను కలుపుకొని పారే గోదావరి చివరికి చేరేది కోనసీమ. అక్కడ ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల చెరువులే. మన కుటుంబాల కుర్రాళ్ళు కొందరు ఆ వైపు చెరువు లీజుకు తీసుకుంటామని సలహా అడుగుతున్నారు. మేతలో ఒక డబ్బా మందు కలిపితే రోగమే రాదని వాళ్ళకు ఎవరో చెప్పారట. ఈ మాట పాతదే. దాని కథ చెబుతాము.

1990ల మొదట్లో నెల్లూరు మొదలుకొని కోస్తా అంతా టైగర్ రొయ్య ఊపందుకుంది. వరి పొలాలు చెరువులయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకు చెరువులు ఖాళీ అయ్యాయి. దానికి కారణం వైరస్. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. అయినా నష్టపోయిన రైతు భయంతో దొరికిన మందల్లా మేతలో కలిపాడు. వాటిలో యాంటీబయాటిక్సూ ఉన్నాయి.

రొయ్యలు ఒలిచేటప్పుడు మన ఇళ్ళలో వీపు మీది నల్ల నరం లాగి పారేస్తాము కదా, అదే దాని పేగు. అందులో లెక్కలేనన్ని బాక్టీరియా ఉంటాయి. వచ్చిన రోగాన్ని గుర్తు పెట్టుకునే యాంటీబాడీలు మనకున్నట్టు రొయ్యకు లేవు. కాబట్టి పేగులోని మంచి బాక్టీరియా దానికి పెద్ద కాపలా. మా రైల్వే భాషలో చెప్పాలంటే, బోగీలో సీట్లన్నీ మంచివాళ్ళతో నిండి ఉంటే దొంగకు చోటు దొరకదు. యాంటీబయాటిక్ మంచీ చెడూ చూడకుండా బోగీ ఖాళీ చేస్తుంది. తరువాతి స్టేషన్లో ముందుగా ఎక్కేది మందుకు లొంగని విబ్రియో.

2000ల మొదట్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలున్న రొయ్యలను యూరప్ తిప్పి పంపింది. మన దేశంలోనూ ఆ మందుల మీద నిషేధం వచ్చింది. 2005 చట్టంతో చెన్నైలో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి దొరికింది.

అక్కడినుంచి కథ తిరగబడింది. బాక్టీరియాను చంపే మందు పోయి, బతికున్న బాక్టీరియానే డబ్బాల్లో అమ్మకానికి వచ్చింది. ప్రోబయాటిక్ అంటే అదే. ఎక్కువగా బాసిల్లస్ రకాలు. కొందరు బెల్లం, తవుడు కలిపి పులియబెట్టి వాడుతారు. వెల్లుల్లి, ఆర్గానిక్ యాసిడ్లు కలిపేవారూ ఉన్నారు. సరిగా వాడితే విబ్రియో తగ్గుతుంది, మేత బాగా అరుగుతుంది. కానీ ఫలితం అన్ని చెరువుల్లో ఒకేలా ఉండదు. బాసిల్లస్ చాలావరకు పేగులో కాపురం పెట్టదు. మేతలో ఆపితే కొన్నాళ్ళకే పోతుంది. తెల్లమచ్చ వైరస్‌నూ, రొయ్య కాలేయంలో చేరే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవినీ అది నయం చేయదు.

అప్పుడు యాంటీబయాటిక్ మీద పెట్టుకున్న గుడ్డి నమ్మకాన్నే ఇప్పుడు ప్రోబయాటిక్ మీద పెడుతున్నాము. కుర్రాళ్ళకు మా మాట ఒకటే. రిజిస్ట్రేషన్ ఉన్న హేచరీ నుంచి పరీక్ష చేయించిన పిల్ల, పలచగా వేయడం, చెక్ ట్రే చూసి మేత, చెరువు అడుగున మురికి తీయడం, ఇవి ముందు. డబ్బా తరువాత. ఏ బాక్టీరియా, ఎంత ఉందో రాయని డబ్బా కొనవద్దు. లీజు కాగితం మీద సంతకం పెట్టే ముందు పెద్దలతో ఒకసారి కూర్చోండి.

చెరువులు చేసిన అనుభవం ఉన్న సభ్యులు కింద రాయండి. అందరికీ పనికొస్తుంది.